కదిలితే తిమింగలం బెదురుతుంది

నియా బే ఊరి నుంచి

అమ్మా, ఇక్కడ మేం కులాసా. నువ్వు నాన్న సంగతి చూసుకో, మా గురించి బెంగపడకు.

నిన్న నానమ్మని సముద్రం ఒడ్డు కొండకొమ్ముకి తీసుకెళ్లాను. బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని ఉత్తరానికి పోతున్నాయి. ఒక తల్లి ఎంత దగ్గరికొచ్చిందంటే, దాని వీపుకి అంటుకున్న గుల్లలు కూడా కనిపించాయి. "అదిగో!" అని గంతేశాను. అది చటుక్కున మునిగి ఎక్కడో దూరాన తేలింది.

"కుదురు లేదే నీకు! ఆ రోజుల్లో మన తెగలో మొగుడు తిమింగలం వేటకెళితే పెళ్లాం ఇంట్లో కదలకుండా పడుకునేది. ఇక్కడ ఈవిడ కదిలితే అక్కడ అది బెదిరేది" అని తిట్టింది నానమ్మ.

అప్పుడు వెలిగింది. నాన్న ఆపరేషన్ రోజు ఆవిడ పొద్దుటి నుంచి కొయ్యబొమ్మలా పడుకుంటే జ్వరమనుకున్నాను. అడిగితే, "సియాటిల్ ఆస్పత్రిలో మీ అమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటుందిగా, దాని బదులు నేను కదలకుండా పడుకున్నా" అంది. ఆ పూట నాన్న గుండె కుదురుగానే కొట్టుకుందా? డాక్టర్ని అడిగి రాయి.

చేపలకి పొగబెట్టాలి, పొగగది తాళం ఎక్కడ పెట్టావు? నాన్నకి నానమ్మ దీవెనలు.

రెండో ఆపరేషన్ ఎన్నింటికో ముందే రాయి. నానమ్మకి నడుం పట్టేసింది. ఈసారి నేను పడుకుంటాను, ముక్కు దురదపెట్టినా గోక్కోను.

నీ కుదురులేని కూతురు,
వెర్నా