గడి కుర్చీ ధర

బాపూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఈ సంగతి నీకు చెప్పకుంటే నాకు అన్నం సయించేటట్టు లేదు.

నీ టేకు కుర్చీ ఉన్నది గదా, దోమకొండ దిక్కు ఒక దొర గడిల, కోటసుమంటి పెద్ద బంగ్లల, కొన్ననని అందరికీ చెప్పేటోనివి. అన్న, అమ్మ, నేను దాన్ని ఎల్లారెడ్డి నుంచి ఆటోల వేసుకొని కామారెడ్డికి పోయినం. పాత సామాన్లు కొనే ఆయనకు చూపిస్తే ధర తెలుస్తదని అన్న ఆశ.

ఆయన కుర్చీని బోర్లేసి, అతుకులన్నీ తడిమి చూసి నవ్విండు.

"ఇది గడిలది కాదమ్మా. నలభై ఏండ్ల కింద పాతదాన్ని చూసి ఎవరో చేసిండ్రు. కానీ ఒక్క ఇనుప మొల కొట్టలేదు, ఏం పనితనం! ఈ చెక్కపని చేసిన వడ్లాయన యాడుంటడు?"

అన్న మొఖం చిన్నబోయింది. అమ్మ మాత్రం పకపక నవ్వింది.

"మీ బాపే చేసిండు. గడిల తలుపుల పనికి పోయి, దొరసాని కుర్చీ చూసొచ్చి నా కోసం చేసిండు. వడ్లోని పెండ్లానికి దొరసాని కుర్చీనా అని జనం నవ్వుతరని, కొన్ననని చెప్పిండు. ఎవ్వలకు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు."

"అమ్ముతరా?" అని ఆయన అడిగిండు. అన్న కుర్చీని నెత్తికెత్తుకొని ఆటో దిక్కు నడిచిండు.

ఇంటికి రాంగనే అమ్మ దాన్ని వాకిట్ల వేయించుకొని కూసున్నది. ఛాయ్ గూడ అక్కడికే తెమ్మన్నది. పక్కింటి అవ్వ వచ్చి, "ఎంత ధర కట్టిండ్రే?" అని అడిగింది.

"నా మొగడు చేసిండు" అన్నది అమ్మ, గల్లీ మొత్తం వినేటట్టు.