నాన్న తెచ్చిన మిరప మొక్క

మంగళవారం, బ్రాడీపేట

ముడత పట్టిన మిరప మొక్కను వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టుకుని నాన్న పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. మా ఊళ్లో ఎవరైనా అలాంటి మొక్కను పురుగుమందుల కొట్టుకే పట్టుకెళ్తారు. నాన్న నా దగ్గరకు తెచ్చాడు.

"ముడత మీదేగా నీ పీహెచ్‌డీ. నువ్వే చూడమ్మా."

లాప్‌టాప్‌లో నేను రోజూ వాడే వెబ్‌సైట్ తెరిచాను. ముడత ఆకుల్లో పెరిగిన మైక్రోఆర్‌ఎన్‌ఏలనే చిన్న అణువులు ఏ జన్యువుల నోరు నొక్కుతున్నాయో అంచనా వేస్తుంది అది. అందులో మిరప లేదు. ఎప్పటిలాగే మిరపకు దగ్గర చుట్టమైన టమాటా ఎంచుకుని మా ల్యాబ్ డేటా ఎక్కించాను. పేజీలకు పేజీలు జన్యువుల పేర్లు వచ్చాయి. అన్నీ 'కావచ్చు'లే. టమాటాలో అయినవి మిరపలో అవుతాయో లేదో కూడా...

నాన్న ఓపిగ్గా చూశాడు.

"ఇంతకీ ఏం కొట్టమంటావు?"

"ఇది మందు చెప్పదు నాన్నా."

"మరి ఎప్పటికి చెబుద్ది?"

నేను పేజీ ఇంకాస్త కిందికి జరిపాను.

"పోనీలే. కొట్టు మూసేలోపు వెళ్తా," అని లేచాడు. కోప్పడినా బాగుండేది.

తీరా నాన్న వెళ్లాక చూస్తే మొక్క నా బల్ల మీదే ఉంది. ఫోన్ చేశాను.

"ఉండనీలేమ్మా, ఇంకోటి పీక్కెళ్తా. చేనంతా అదేగా."