శ్రుతి క్యాసెట్

ఫిబ్రవరి 9, ఆదివారం

గొంతు పోయింది. జలుబు చేసి బొంగురుపోవడం కాదు. మూడో పాటలో పైకి ఎత్తాల్సిన చోట నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. సరిగ్గా అప్పుడే పొడుగుగాడి గిటార్ తీగ ఫట్‌మని తెగింది. ఈమధ్య వాడికి తీగలు తెగని రోజు లేదు. తీగలమ్మిన షాపువాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అదే భయంగా ఉంది.

మార్చి రెండున టౌన్ హాల్లో షో. రేడియో ఆయన వస్తున్నాడు. నచ్చితే స్టూడియోలో మా పాటలు రికార్డు చేయిస్తాడట. డ్రమ్స్ వాయించే డబ్బా పరిగెత్తుకెళ్లి వేడినీళ్లు తెచ్చిచ్చాడు. మేం రిహార్సల్ చేసే షెడ్డు వాళ్ల నాన్న టైర్ల షాపు వెనకదే. బేస్ వాయించే మౌని ఎప్పటిలాగే నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ గాలే.

ఫిబ్రవరి 10

డాక్టర్ గొంతులోకి లైటు వేసి చూసి, లోపల ఎర్రగా వాచి ఉంది, ఇలాగే కొనసాగిస్తే కాయలు కాస్తాయి, అప్పుడు ఆపరేషన్ తప్పదు అన్నాడు. ఆపరేషన్ అయ్యాక పాడగలనా అని అడిగాను. పూచీ ఇవ్వలేనన్నాడు. రెండు వారాలు మాట్లాడకూడదు. గుసగుసలు కూడా కూడదట, అవి ఇంకా చెడ్డవట.

నువ్వు నీ గొంతుకి మించి పైకి పాడుతున్నావమ్మా అన్నాడు. అబ్బే, అవి నేను రాసుకున్న పాటలే, నా గొంతుకి కొలత పెట్టి కుట్టినట్టు ఉంటాయి, పోయినేడు ఇవే పాటలు హాయిగా పాడాను అన్నాను. ఈ రెండు వారాలకీ అదే నా చివరి మాట.

ఫిబ్రవరి 11

ఇంట్లో నేను మాట్లాడకపోతే ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఇన్నాళ్లకు తెలిసిందని నాన్నమ్మ అంది. నేను కళ్లతోనే తిట్టాను.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మది బస్‌స్టేషన్లో అనౌన్సర్ ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో మైకులో చెబుతుంది. అంత పెద్ద స్టేషన్ మొత్తానికి వినిపించే మనిషి, ఇంట్లో పక్కగదికి కూడా వినపడదు. మైకు ఇచ్చింది అరవడానికి కాదు, అరవకుండా ఉండడానికి అని చిన్నప్పటి నుంచీ నాకు చెబుతూనే ఉంది. ఈరోజు ఆ మాట అనలేదు. తల నిమిరింది. అనుంటే బాగుండేది, నేను అలగడానికి ఒక కారణం దొరికేది.

నా మొదటి షో ఆ బస్‌స్టేషన్లోనే. నాకు ఆరేళ్లు. అమ్మ నన్ను కౌంటర్ మీద కూర్చోబెట్టి మంచినీళ్లకు వెళ్లింది. మైకు ఆన్‌లో ఉంది. అమ్మా, ఆకలేస్తోంది అన్నాను. స్టేషన్ స్టేషనంతా ఘొల్లుమంది. అమ్మకు మెమో ఇచ్చారు. నాకేమో ఆ నవ్వు ఎంతో నచ్చింది, మళ్లీ చెప్పాను.

ఫిబ్రవరి 13

కల్లో పాడాను. నిద్రలేచి ముందు గొంతు పట్టుకుని చూసుకున్నాను.

ఫిబ్రవరి 15

ఎదురు చెప్పలేని మనిషి దొరికింది కదా, నాన్నమ్మకి పండగ. పొద్దున మొదలుపెట్టి పెళ్లిచూపుల దగ్గర్నుంచి తాతయ్య కోపం దాకా అంతా చెప్పింది. తాతయ్య నిజానికి బాగా పాడేవాడట, సిగ్గుతో బాత్రూంలో మాత్రమే పాడేవాడట. నాకు ఎవరూ చెప్పలేదిది. ఇన్నేళ్లూ నేను వాగుతూ ఉండడం వల్ల ఎన్ని వినలేదో.

ఫిబ్రవరి 16, ఆదివారం

షెడ్డుకి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

నా స్టూలు మీద ఇంకో అమ్మాయి. అందరూ సైరన్ అంటారట, ఎంత ఎత్తయినా అవలీలగా అందుకుంటుందట. పొడుగుగాడు నా వైపు చూడకుండా, ఊరికే రిహార్సల్ కోసం, నువ్వు తప్పుగా అనుకోకు అన్నాడు. తప్పుగా అనుకోక ఇంకెలా అనుకోను?

మా బ్యాండ్‌లో ఒక నియమం ఉంది. ఏ పాటైనా మొదలుపెట్టే ముందు శ్రుతి క్యాసెట్ వెయ్యాలి. పోయినేడు స్కూలు హాల్లో పియానో మీద గిటార్ తీగలు ఆరింటి స్వరాలూ ఒక్కొక్కటే నొక్కి పొడుగుగాడు రికార్డు చేసుకొచ్చాడు. ట్యూనర్ కొనుక్కునే రోజు వచ్చేదాకా అదే మాకు దిక్కు. షెడ్డులోని ప్లేయర్లో అది మోగుతుంటే ఎవరూ దగ్గకూడదు. డబ్బా అయితే చూయింగ్ గమ్ నమలడం కూడా ఆపేస్తాడు. తీగలు దానికే కలుపుతారు, నేనూ గొంతు దానికే కలుపుతాను. ఇవాళ సైరన్ కలిపింది. నా పాట పాడింది. బాగానే పాడింది, అదే ఏడుపు.

వచ్చేస్తుంటే ఆ క్యాసెట్ తీసి జేబులో వేసుకున్నాను. రెండో వైపు నా పాట ఉంది, అదే రోజు అదే హాల్లో పాడింది. మౌని చూశాడు. వాడు ఎవరికీ చెప్పడు.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

నాన్నమ్మ పాత పాటలు వినే టేప్‌రికార్డర్లో నా పాట వేశాను. పోయినేటి నా గొంతు. ఎంత తీరిగ్గా పాడానో! ఎక్కడా గొంతు చించుకోవడం లేదు. ఏడుపొచ్చింది. నాన్నమ్మ విని, ఇప్పుడు నువ్వు కీచుమంటున్నావు కానీ ఇది బాగుంది, మనిషి పాడినట్టుంది అంది. నాన్నమ్మ మెచ్చుకోవడం ఇలాగే ఉంటుంది.

క్యాసెట్ తిప్పి స్వరాలు వేశాను. ఊరికే, అలవాటుగా. మొదటి స్వరం వినగానే ఆపి, మళ్లీ వేశాను. ఇది మేం రోజూ కలిపే స్వరం కాదు. దీనికంటే అది ఎత్తు. పాడకపోయినా, గొంతులో ఏ స్వరం ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు.

నాన్నమ్మ టేప్‌రికార్డర్ ముసలిదైపోయి మెల్లగా తిరుగుతోందేమో. అంతే అయ్యుంటుంది. ఎక్కువ ఆశపడకు, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఫిబ్రవరి 18

ఆశపడ్డాను!

టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని స్కూలుకి వెళ్లాను. వాచ్‌మన్‌కి చేతులతో పియానో వాయించి చూపించాను. ఆయన టైపిస్టు ఉద్యోగం కోసం వచ్చాననుకుని ఆఫీసు గదికి తీసుకెళ్లాడు. కాగితం మీద రాసిస్తే తల కొట్టుకుని హాలు తలుపు తీశాడు.

టేపులో మొదటి స్వరం మోగించాను. పియానో మీద అదే మెట్టు నొక్కాను. రెండూ అతుక్కుపోయాయి. రెండోది. మూడోది. అన్నీ! నాన్నమ్మ టేప్‌రికార్డర్ నిక్షేపంలా ఉంది. మరి రోజూ షెడ్డులో నా చెవిలో పడే స్వరం ఏదో వెతికాను. మొదటి దానికి రెండు మెట్లు పైన దొరికింది.

అంటే మా షెడ్డు ప్లేయర్ పరిగెడుతోంది! టేపు వేగంగా తిరిగేసరికి స్వరాలన్నీ పైకి లేస్తున్నాయి. వాటికి గిటార్లు కలుపుతున్నాం, గిటార్లకి నన్ను కలుపుతున్నారు. తీగలు తెగుతున్నాయి, నేనూ తెగాను. నా గొంతు పాడవలేదు, దాన్ని తాడు కట్టి పైకి లాగారు, అంతే. హమ్మయ్య, హమ్మయ్య, హమ్మయ్య. నోరు విప్పకూడదు కాబట్టి హాలంతా గంతులు వేశాను. వాచ్‌మన్ కాసేపు చూసి, నెమ్మదిగా తలుపు చేరవేసుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 19

పొడుగుగాడు ఒప్పుకోలేదు. నా చెవి అబద్ధం చెబుతుందా, ఆ స్వరాలు నేనే రికార్డు చేశాను అని ఎగిరాడు. నేను టైర్ల షాపు బిల్లుల వెనక పెద్దక్షరాలతో రాసి ముఖం మీదికి చూపిస్తున్నాను. ఇద్దరం పోట్లాడుకుంటుంటే షెడ్డులో వాడి అరుపులు, నా కాగితాల చప్పుడు.

క్యాసెట్ ముందు నాన్నమ్మ టేప్‌రికార్డర్లో వేశాను. తర్వాత షెడ్డు ప్లేయర్లో వేశాను. అవే స్వరాలు రెండు మెట్లు పైన మోగాయి. డబ్బా తల గోక్కున్నాడు. కొత్త సంవత్సరం అప్పుడు ప్లేయర్ మోటారు కాలిపోతే, పాత సామాన్ల షాపులో ఇంకేదో ప్లేయర్ది తెచ్చి తానే బిగించాడట. అప్పట్నుంచీ అందులో ఏ పాట వేసినా మంచి హుషారుగా వస్తోంది, ప్లేయర్ బాగుపడిందనుకుని మురిసిపోయాడట. పొడుగుగాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆ తీగల షాపువాడికి సారీ చెప్పాలి రా అన్నాడు. నాకు చెప్పాలని వాడికి ఇంకా తట్టలేదు.

సైరన్ తన మఫ్లర్ విప్పి, దేవుడా, అది ప్లేయర్ తప్పా, నిన్న రాత్రంతా ఉప్పునీళ్లు పుక్కిలించాను, మీ పాటలే అంత అనుకుని సిగ్గుపడి చెప్పలేదు అంది. ఆ పిల్లని ఎంత తిట్టుకున్నానో. మంచిది.

మరి షోకి ఎవరు అని పొడుగుగాడు అడిగాడు. అప్పుడు మౌని నోరు విప్పాడు. పాటలు ఎవరివో వాళ్లే పాడతారు అన్నాడు. ఈ నెలలో నేను వాడి నోట విన్నది ఇదొక్కటే. నా గొంతు తిరిగొస్తేనే కదా, అని బిల్లు వెనక రాశాను.

ఫిబ్రవరి 23

రేపు డాక్టర్. ప్లేయర్ది తప్పని తెలిసినంత మాత్రాన వాపు తగ్గిపోతుందా?

ఫిబ్రవరి 24

వాపు పోయింది! తెల్లగా, శుభ్రంగా ఉంది అన్నాడు. కాయలు లేవు. మెల్లగా మొదలుపెట్టు, అరిచావంటే నా దగ్గరికి రాకు అన్నాడు. మొదటి మాట ఎంతో గొప్పగా ఉండాలని, నా పాటలో మొదటి చరణం అమ్మ ముందు పాడాలని రెండు వారాలుగా అనుకుంటున్నాను. ఇంటికి రాగానే నా నోట వచ్చింది, నాన్నమ్మా పాలు పొంగుతున్నాయి.

నాన్నమ్మ స్టవ్ ఆపడం మానేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. పాలన్నీ పొంగిపోయాయి. నేనూ ఏడ్చాను. ప్రశాంతత పోయినందుకా అని అడిగితే వీపు మీద ఒకటి వేసింది.

ఫిబ్రవరి 27

రెండు మెట్లు కిందికి దించి కలిపాం. పాట నా గొంతులోకి దానంతటదే వచ్చి కూర్చుంది. పొడుగుగాడి తీగ ఒక్కటి కూడా తెగలేదు. అయిపోయాక వాడు సారీ అన్నాడు. బూట్ల వైపు చూస్తూ అన్నాడు కానీ అన్నాడు.

మార్చి 2, ఆదివారం

టౌన్ హాల్. స్టేజి వెనక పొడుగుగాడు నాన్నమ్మ టేప్‌రికార్డర్లో శ్రుతి క్యాసెట్ వేశాడు, మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం, డబ్బా చూయింగ్ గమ్ చేతిలోకి తీసేసుకున్నాడు. పైకి వెళ్లాక మొదటి పాట కొంచెం గట్టిగా మొదలుపెట్టాను, అమ్మ మూడో వరసలో కూర్చుని అరచేయి కిందికి దించి చూపించింది. మెల్లగా. మైకు ఉంది కదా. నేను మైకుకి దగ్గరగా జరిగి, అరవడం మానేసి పాడాను. అరవకపోతేనే గొంతు హాలు చివరిదాకా వెళ్తుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు, అమ్మకు తెలుసు. మూడో పాటలో ఎత్తాల్సిన చోటు వచ్చింది. కళ్లు మూసుకున్నాను. వచ్చింది. గొంతు వచ్చింది! సైరన్ కుర్చీ ఎక్కి ఈలలు వేసింది. నాన్నమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కూడా చప్పట్లు కొట్టింది.

రేడియో ఆయన వచ్చి, గొంతు భలే నిదానంగా ఉంది, రాక్ పాడేవాళ్లంతా ఎందుకు చించుకుంటారో నాకర్థం కాదు అన్నాడు. మేం నలుగురం ఒకళ్ల ముఖాలు ఒకళ్లం చూసుకున్నాం. వచ్చే నెల స్టూడియో.

మార్చి 3

అమ్మకి మెమో వచ్చిన రోజు నుంచీ ఈరోజుదాకా ఆమె నన్ను ఒక్కసారి కూడా పాడొద్దనలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

నవంబర్ 21

బేకరీలో మా క్యాసెట్ వేశారు. ప్లేయర్ పరిగెడుతోంది, నేను ఉడతలా వినిపిస్తున్నాను. కవర్ మీద నా ఫొటో ఉంది, అయినా ఓనర్ నన్ను గుర్తుపట్టలేదు. ఈ అమ్మాయి ఎంత పైకి పాడుతుందో వినండి, ఎవరివల్లా కాదు అని నాకే చెప్పాడు.

నేనేమీ మాట్లాడలేదు. డాక్టర్ వద్దని కాదు. ఇంకో బన్ను తీసుకుని, రెండో వైపు కూడా అయ్యేదాకా కూర్చున్నాను.