ప్లగ్గు వైర్లు కొరికిన ఎలుక

చిలకలూరిపేట,
గురువారం, అక్టోబరు 9.

ఈ రోజు పనులు: పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం దొండకాయ వేపుడు, పప్పుచారు. రెండు బకెట్ల బట్టలు. కేజీన్నర మిరపకాయలకు తొడిమలు తీసి మరకు పంపడం. మెకానిక్ అస్లాం మన కారుకు కొత్త వైర్లు బిగిస్తుంటే పక్కన నిలబడి చూడడం. ఈ ఉత్తరం. చివరిదొక్కటే మిగిలింది.

ప్రియమైన ఫెబాకు,

అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల ఇంట్లో మనుషులం బాగానే ఉన్నాం, బాగాలేనిది కారొక్కటే అని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. నీకు మాత్రం అలా చెప్పకూడదనే కలం పట్టుకున్నాను. నువ్వూ అనిల్ కులాసాగా ఉన్నారని, ఆరాధన జలుబు తగ్గిందని చదివి స్థిమితపడ్డాను.

ఆదివారం సండేస్కూలు కార్యక్రమానికి పాపను తీసుకురావడానికి శనివారం పొద్దున్నే కారులో ఒంగోలు వస్తానని మీ నాన్న నీతో ఫోనులో అన్నారు కదా. ఈ ఉత్తరం దాని గురించే. ఫోను చేద్దామంటే ఆయన స్పీకరు పెట్టందే నన్ను మాట్లాడనివ్వరు. అందుకని కారప్పొడి సంచితోపాటు మీ ఆఫీసు నస్రత్ చేతికి ఇస్తున్నాను. రేపు పదిగంటలకల్లా నీకు అందుతుంది. అందగానే చదువు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చదువుదామని పక్కన పెట్టకు.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నాన్నకు షుగరు అదుపులోనే ఉంది. పొద్దున మాత్ర మర్చిపోకుండా నేనే చేతికి ఇస్తున్నాను. నా మోకాలు మామూలే. కారుకు ఏమైందని అడిగావు. రెండు వారాల కిందట పొద్దున స్టార్టు చేస్తే ఇంజను వణికిపోయింది. మూడింటిలో ఒక సిలిండరు పనిచేయడం లేదని అస్లాం వచ్చి బానెట్ ఎత్తి చెప్పాడు. రెండో నంబరు ప్లగ్గు వైరు రబ్బరు టోపీ కింద తెగి ఉంది. మూడోది సగం తెగింది.

"ఎలకలమ్మా" అన్నాడు ముందు. తర్వాత వైరును వెలుగులోకి తిప్పి చూశాడు. ఎలుకలు రాకుండా మీ నాన్న బానెట్‌లో పెట్టిన పొగాకు ఆకులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఎలకైతే పిసరు పిసరుగా కొరుకుద్ది సార్. చుట్టూ పెంటికలుంటయ్. ఇదేందో గీత గీసినట్టు కోసింది. బాగా చదువుకున్న ఎలకే ఇది."

"టీచరు గారింటి ఎలక కదరా మరి" అన్నారు మీ నాన్న. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఎలుకను నేనే ఫెబా. సెప్టెంబరు ఇరవై ఏడు, శనివారం, మీ నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు పాత బ్లేడుతో కోశాను. మర్నాడు ఆయన నలుగురు ముసలమ్మలను కారులో గుడికి తీసుకెళ్ళాలి. వాళ్ళను ఎక్కించుకోకుండా ఆపడానికి నాకు ఇంకో దారి తోచలేదు.

ఎందుకో చెబుతాను. మీ నాన్న మధ్యమధ్యలో మాయమవుతున్నారు. మనిషి ఎదురుగానే ఉంటారు, కళ్ళు తెరిచే ఉంటాయి. చూపులో మాత్రం ఆయన ఉండరు. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతాయి, కుడిచెయ్యి చొక్కా గుండీ తడుముతుంది. పిలిస్తే పలకరు. తర్వాత ఏమీ జరగనట్టు తిరిగొస్తారు. ఆయనకేమీ గుర్తుండదు. పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ నుంచి ఇవి రాస్తూ వస్తున్నాను. జూన్ 24, భోజనం దగ్గర, నేను పదకొండు లెక్కపెట్టేదాకా. జూలై 13, గుడిలో వాక్యం చదువుతూ, ఎనిమిది. ఆ రోజు సంఘమంతా ఆయన ప్రార్థనలో మునిగిపోయారనుకుంది. వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అని కూడా అన్నారు. ఆగస్టులో రెండు. సెప్టెంబరు 25, బైపాస్ దగ్గర, కారు నడుపుతూ, తొమ్మిది. ఎదురుగా పత్తి లారీ. నేను స్టీరింగు లాగాను. "ఏమే, పిచ్చి పట్టిందా, నా చేతిలో బండి లాగుతావేంటి?" అని ఇంటికొచ్చేదాకా తిట్టారు.

డాక్టరు దగ్గరికి పోదామంటే రారు. ఎందుకో నీకూ తెలుసు. ఆరేళ్ళ కిందట తబలా వాయించే ఎలీషాకు గుడిలో మూర్ఛ వస్తే, అది అపవిత్రాత్మ అని సంఘపెద్దగా అందరి ముందూ చెప్పింది మీ నాన్నే. అతని నెత్తిన చెయ్యి పెట్టి గద్దించిందీ ఆయనే. మూడు వారాల తర్వాత అతన్ని తబలా దగ్గర కూర్చోనివ్వొద్దన్నదీ ఆయనే. ఆ కుటుంబం మళ్ళీ మన గుడి గడప తొక్కలేదు. ఇప్పుడు ఏ నోటితో డాక్టరు దగ్గరికి వస్తారు?

కారు పదిరోజులు పెరట్లోనే ఉంది. నేను ఆ పదిరోజులూ నిద్రపోయాను. మొన్న మంగళవారం మీ నాన్న పాత వైర్లు నా ముందు పెట్టి, "గుంటూరు వెళ్ళి కొత్తవి నువ్వే పట్రా రెబ్కా. కొలతల్లో నీకు తప్పు పోదు" అన్నారు. కుట్టు టేపుతో నాలుగు వైర్లూ కొలిచి, ఒకటి, రెండు, మూడు, కాయిలుది అని చీటీలు అతికించి బస్సెక్కాను.

ముందు బ్రాడీపేటలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పాల పుస్తకం చూపించాను. ఆయన ఒక్కో వరుసా చదివి, "మూర్ఛలో ఇదో రకం కావచ్చమ్మా. పడిపోవాలనేం లేదు. వెంటనే తీసుకురండి. పరీక్ష చేసేదాకా ఆయన్ని బండి ముట్టుకోనివ్వకండి" అన్నారు.

అక్కణ్ణుంచి నేను వెళ్ళింది ఆ బండికి వైర్లు కొనడానికి.

కొట్టాయన మూడు రకాలు పరిచాడు. నా చీటీలు చూసి, "మీరు టీచరాండీ?" అన్నాడు. కాదు, టీచరు గారి భార్యనన్నాను. "సార్ కంటే మీరే నయం. అందరూ ఒకటే సైజు పట్టుకుపోతారు. పొడుగైతే సైలెన్సరు గొట్టానికి తగిలి కాలిపోద్ది, పొట్టిదైతే కుదుపుకి ఊడొస్తది" అని మెచ్చుకున్నాడు.

ఒకటి సిలికాన్ తొడుగుది. ఇంజను వేడికి గట్టిపడదట, ఏళ్ళ తరబడి ఉంటుందట. ఒకటి మధ్యరకం. మూడోది చేత్తో వంచితేనే పెళుసుగా తెలుస్తోంది. "ఇది మాత్రం ఒద్దండీ. నెలో రెండు నెలలో. ఎండకి పగిలి కరెంటు పక్కకి కొట్టుద్ది. బండి ఎక్కడ ఆగుద్దో దేవుడిక్కూడా తెలీదు" అన్నాడు.

ఆ మూడో రకాన్ని చాలాసేపు చేతిలో పట్టుకున్నాను. బండి ఆగాలనేగా నా ప్రార్థన. కానీ పెరట్లో ఆగడం వేరు, హైవే మీద లారీల ముందు ఆగడం వేరు. నాసిరకం కొంటే ఇంజను ఎక్కడో ఆగిపోతుంది. మంచివి కొంటే ఆగదు, ఆయనే ఎక్కడో ఆగిపోతారు. కొట్టాయన రెండుసార్లు మంచినీళ్ళు ఇచ్చాడు. చివరికి సిలికాన్ తొడుగువే తీసుకున్నాను. బండైనా మాట వింటుందని.

ఈ మధ్యాహ్నం అస్లాం బిగించాడు. నా చీటీల ప్రకారం వరస మారకుండా ఒక్కోటీ పెట్టాడు. ఇంజను కుట్టుమిషనులా తిరిగింది. అతను వెళ్ళాక మీ నాన్న, పత్తి మిల్లు దాకా వెళ్ళి చూసొస్తానని నాలుగుంపావుకు బయల్దేరారు. అప్పుడే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మంచివి కొన్నానన్న దాకా రాశానో లేదో కారు గేట్లోకి రావడం కిటికీలోంచి కనిపించింది. కారు ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

నేను లేచేలోపే ఇంజను మోత పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ కీచుమంది. ఆయన కాలు ఎక్సలేటరు మీద ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉండబట్టి ఇల్లు మిగిలింది. పరిగెత్తాను. తెరిచిన అద్దంలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి తీసేశాను. ఇంజను ఆగింది కానీ ఆయన రాలేదు. పెదవులు కదులుతున్నాయి. ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను. ఇంతసేపు ఎప్పుడూ లేదు.

"ఆపేశావేం? ఇప్పుడేగా వచ్చాను" అన్నారు.

నేను లోపలికెళ్ళి పాల పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టాను. కారులో కూర్చునే కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. పరీక్ష పేపరు దిద్దినట్టు ప్రతి వరుస మీదా వేలు పెట్టారు.

"ఎవరికన్నా చూపించావా?"

"డాక్టరుకి."

"సంఘంలో?"

"లేదండీ."

పుస్తకం మూశారు. "ఎలీషాది ఇదేనా?" అన్నారు.

"అతను పడిపోయేవాడు. మీరు పడట్లేదు. అంతే తేడా."

ఇక దాచి ఏం లాభమని, "వైర్లు కోసింది నేనేనండీ" అన్నాను.

"తెలుసు. అస్లాం ఎలక గురించి చెప్పిన రోజే తెలుసు. అందుకే గుంటూరుకి నిన్నే పంపా. వాణ్ణి పంపితే ఏదో ఒకటి తెచ్చేవాడు. నాసిరకం కొనడం నీకు చేతకాదు."

నవ్వుతూనే అన్నారు ఫెబా.

"ఈ శనివారం ఒక్కటి పోనీ రెబ్కా. పాపకి మాటిచ్చా. ఆదివారం గుడి కాగానే నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా. ఈ ఒక్కసారికి ప్రభువే చూసుకుంటాడు. తాళం ఇటియ్యి" అని చెయ్యి చాపారు.

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉన్నది లేదు. ఇచ్చేశాను. ఎందుకిచ్చావని రేపు నువ్వు అరుస్తావు. అరుచుకో. ఇప్పుడాయన బకెట్టుతో నీళ్ళు పట్టుకుని కారు కడుగుతున్నారు.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. శనివారం దాకా ఆగకు. రేపు సాయంత్రం ఆఫీసు కాగానే పాపను తీసుకుని బస్సెక్కి వచ్చెయ్. పాప ఇక్కడే ఉంటే ఆయనకు ఒంగోలు రావలసిన పని ఉండదు. బస్సు దొరకదు, ఆడిటు ఉంది, అనిల్ ఊళ్ళో లేడు అనకు. బండి వదలమని నేనొక్కదాన్ని అడిగితే ఆయన తాళం కోసం చెయ్యి చాపుతారు. నువ్వు అడిగితే చాపలేరు.

నీ ఉత్తరంలో ఒకదానికి ఇంకా జవాబు రాయలేదు. ఆరాధన స్కూలు ఆటో అతన్ని రోజూ "అంకుల్, మీరు కళ్ళు తెరుచుకుని నిద్రపోతారా?" అని అడుగుతోందని, టీవీలో ఏం చూసిందో అని రాశావు. టీవీలో చూడలేదమ్మా.

పాల పుస్తకంలో నేను రాయనిది ఒకటుంది, అన్నిటికంటే ముందుది. మే నెలలో సెలవులకు వచ్చినప్పుడు పాప ఎడమ కనుబొమ మీద పడిన దెబ్బ మెట్ల మీద పడి తగిలింది కాదు. ఆ రోజు పాప తాతయ్య పక్కన ముందు సీట్లో ఉంది, నేను వెనక. కారు మెల్లగా రోడ్డు దిగి కంకర గుట్ట ఎక్కి ఆగింది. పాప నుదురు ముందుకు కొట్టుకుంది. రక్తం తుడుస్తుంటే "అమ్మమ్మా, తాతయ్య కళ్ళు తెరుచుకుని నిద్రపోయాడు" అంది. ఆయన కునుకు తీశారనుకున్నాను. అలా అనుకోవాలనుకున్నాను. నువ్విక పిల్లను పంపవేమోనని భయపడి, అమ్మకు మెట్ల మీద పడ్డానని చెప్పు, నీకు లైట్లు వెలిగే వాచీ కొంటానన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల నోరు అయిదు నెలలుగా కట్టేసి ఉంచింది నేనే. పాపం, అది మాట తప్పలేదు. ఎవరు పడితే వాళ్ళను అడిగి చూసుకుంటోంది, అంతే.

గుంటూరులో వైర్లు కొన్న రోజే ఆ వాచీ కూడా కొన్నాను. సంచిలో కారప్పొడి పొట్లం కింద, గుడ్డలో చుట్టి ఉంది. గులాబీ రంగుది. బస్సెక్కే ముందే చేతికి పెట్టు. ఇక అమ్మ దగ్గర ఏదీ దాచనక్కర్లేదని అమ్మమ్మ చెప్పిందని చెప్పు. దారి పొడుగునా దాన్నే మాట్లాడనియ్యి, నువ్వు విను.

ఆరాధనకు వాచీ బాకీ: ఈ రోజుతో చెల్లు.

ఇట్లు,
రేపు సాయంత్రం బస్టాండులో నిలబడి ఉండే
మీ అమ్మ,
రెబ్కా