కుర్చీ లేని వంటగది

హెబ్రన్, అయోవా
మార్చి 9, 1995

ప్రియమైన తమ్ముడు వెండెల్‌కి,

ఒరెగాన్‌లో వానలు తగ్గాయా? ఇక్కడ మంచు కరిగి ఊరంతా బురద. ఫోన్ చేస్తే "ఊఁ, ఊఁ" తప్ప నీ నోట మాట రాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

పాత జైలును కూల్చడం లేదు! కోర్టు వెనక కార్లు నిలుపుకోవడానికి చోటు కావాలని రెండేళ్లుగా ఒకటే గోల. నిన్న కౌంటీ బోర్డు తేల్చేసింది. ముందున్న షెరీఫ్ ఇల్లు, వెనకున్న ఖైదీల గదులు, రెండూ బాగుచేసి జనానికి చూపిస్తారట. నాన్న షెరీఫ్‌గా ఉన్నన్నాళ్లూ మనం పెరిగిన ఇల్లు నిలబడుతోందిరా. నాకు ఏడుపొచ్చింది.

చిక్కల్లా వంటగదితోనే. రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు, "ఇది జైలు కట్టిన చాన్నాళ్లకి అతికించిన గదండీ. పీకేస్తే గాని అసలు రూపు రాదు" అన్నాడు. నేను ఊరుకుంటానా? లేచి నిలబడి, "మా అమ్మ మూడు పూటలా ఖైదీలకి వండి ఆ గోడ కంతలోంచి కంచాలు అందించింది. అది పీకేస్తే ఇంక చూపించడానికి ఏముంది?" అన్నాను. చప్పట్లు కొట్టారు. చివరికి చరిత్ర సంఘం నడిపే మార్లిస్ ఒక దారి చెప్పింది. వంటగదిలో ఏ వస్తువు ఎక్కడ ఉండేదో అక్కడ కాపురమున్న ఇద్దరు రాసి సంతకం పెడితే దాన్ని ఉంచుతారు. ఒకప్పుడు లేని వస్తువు ఒక్కటి కూడా పెట్టరు. మిగిలింది నువ్వూ నేనే.

నాకు గుర్తున్నవి: బొగ్గు పొయ్యి, తూము దగ్గర రాతి తొట్టి, కిటికీ పక్కన అమ్మ కూర్చుని బంగాళాదుంపలు ఒలిచే కుర్చీ. నీకు గుర్తున్నవి నువ్వూ రాసి పంపు.

జూలైలో ప్రారంభం. బోర్డు పెద్ద గేలన్ రీస్ నా భుజం తట్టి, "ఆ రోజు మీ అమ్మ చేతి బీన్సు, మొక్కజొన్న రొట్టె నువ్వే ఆ పొయ్యి మీద వండాలి ఆర్డిత్. షెరీఫ్ కూతురివి కదా!" అన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను.

నీ అక్క,
ఆర్డిత్

*

మార్చి 21

ప్రియమైన అక్కా,

ఉత్తరం అందింది. జైలు నిలిచినందుకు సంతోషం. నాన్న ఆఫీసు గది, ఆ ఇనుప మెట్లు పిల్లలకు చూపించవలసినవే.

వంటగదిని మాత్రం పీకేయనీ. నేను సంతకం పెట్టను. కారణం అడగకు.

అన్నట్టు, అందులో కుర్చీ లేదు.

ఇక్కడ వానలు తగ్గలేదు. నా మోకాలు నీ మోకాలికంటే అధ్వాన్నంగా ఉంది.

నీ తమ్ముడు,
వెండెల్

*

ఏప్రిల్ 2

వెండెల్‌కి,

ఈసారి "ప్రియమైన" అని రాయబుద్ధి కాలేదు.

కారణం అడగొద్దంటావా? నాకు తెలియదనుకున్నావా? బళ్లో నిన్ను "కటకటాల వెండెల్" అని ఏడిపించేవాళ్లు. ఏ పిల్లవాడి పెన్సిలు పోయినా నీ జేబులే వెతికేవాళ్లు. ముప్పై ఏళ్లు బళ్లో వడ్రంగం నేర్పి, పిల్లల మాటలకు ఇంకా మొహం చిన్నబుచ్చుకునేవాడివి నువ్వొక్కడివే.

అమ్మకు ఆ వంటగదంటే ప్రాణం. నాన్న ఎన్నికలో ఓడి మనం జైలు ఇల్లు ఖాళీ చేసిన రోజు గుర్తుందా? ట్రక్కు ఎక్కుతూ అమ్మ ఆప్రాన్‌తో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను వసారాలో నిలబడి చూశాను. పదహారేళ్లు వండిన పొయ్యిని వదిలి వెళ్లడం ఎవరికైనా కష్టమే కదా.

కుర్చీ లేదట! ఒళ్లో గిన్నె, ముక్కు మీద కళ్లద్దాలు, కిటికీలోంచి పడుతున్న ఎండ, ఇవన్నీ నేను కలగన్నానా? నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

మే నెల మొదటి వారంలో కూలీలు వస్తారు. నీ సంతకం రాకపోతే ముందు కొట్టేది ఆ గోడనే. అమ్మ పేరు చెప్పుకోవడానికి ఈ కౌంటీలో ఇంకేం మిగలదు. బాగా ఆలోచించుకో.

ఆర్డిత్

*

ఏప్రిల్ 14

ప్రియమైన అక్కా,

అడగొద్దంటే నువ్వే ఒక కారణం ఊహించేశావు. విను.

ఆ రోజు నువ్వు ఇల్లు ఊడ్చి తాళం ఇచ్చి వస్తానని ఆగిపోయావు. ట్రక్కులో అమ్మ నాన్నల మధ్య నేను కూర్చున్నాను. అమ్మ మొక్కజొన్న మిల్లు దాటేదాకా ఏడుస్తూనే ఉంది. వాగు వంతెన మీదికి రాగానే, "ఆర్విల్, బండాపు" అంది నాన్నతో. దిగి, నడుముకున్న ఆప్రాన్ విప్పి, ఉండ చుట్టి వాగులోకి విసిరేసింది. అది నీళ్లలో కొట్టుకుపోయేదాకా చూసి, తిరిగొచ్చి కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నాన్న భయపడ్డాడు.

"ఏమైందే నీకు?"

"ఏం కాలేదు. రేపు పొద్దున మనింట్లో వాళ్లకి వండితే చాలు. అంతే కదూ? ఇంకెవరూ లేరు కదూ?"

"ఎవరూ లేరు."

"మళ్లీ అను."

నాన్న మళ్లీ అన్నాడు. ఇల్లు చేరేదాకా అనిపిస్తూనే ఉంది.

తాగి గొడవ చేసినవాడికి నెల, గుర్రాన్ని దొంగిలించినవాడికి ఏడాది. అమ్మకు మాత్రం పదహారేళ్లు. జీతం నాన్నకు, చాకిరీ అమ్మకు. ఒకసారి ఆవిడ జ్వరంతో పడిపోతే, వంటకు ఇంకో మనిషిని పెట్టమని నాన్న బోర్డును అడిగాడు. "షెరీఫ్ భార్య ఉంది కదా" అన్నారు. అమ్మ ఆ పూట కూడా లేచి వండింది. నాన్న చెడ్డవాడు కాదు, కాని ఆయన రెండోసారి అడగలేదు.

నువ్వు కలగనలేదు. గిన్నె నిజం, కళ్లద్దాలు నిజం, ఎండ నిజం. అది సీడర్ వీధి ఇల్లు. అక్కడికి వెళ్లాక మొదటి వారంలో అమ్మ కూర్చుని దుంపలు ఒలవడం చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వంట చేస్తూ మనిషి కూర్చోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. జైలు వంటగదిలో కూర్చోవడానికి ఉన్నది పందికొవ్వు డబ్బా ఒక్కటే. దాని మీద కూర్చున్నది మనం.

బళ్లో పిల్లల మాటలు ఎప్పుడో మర్చిపోయాను. ఆ గది మాత్రం మర్చిపోలేకపోయాను.

సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది. పొయ్యి, తొట్టి, కంత, డబ్బా, అన్నీ రాశాను. కుర్చీ లేదని కూడా రాశాను. ఉంచుకుంటావో చించేస్తావో నీ ఇష్టం. ఒక్కటి చెప్పు. జూలైలో వచ్చే ఊరి జనానికంతా ఆ పొయ్యి దగ్గర నిలబడి వండేది ఎవరు? "షెరీఫ్ కూతురివి కదా" అని గేలన్ అన్నప్పుడు నీకేమీ అనిపించలేదా?

నీ తమ్ముడు,
వెండెల్

*

జూలై 10

ప్రియమైన తమ్ముడూ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. మొదట కోపంతో, తరువాత సిగ్గుతో.

నీ కాగితం మీద నేనూ సంతకం పెట్టి మార్లిస్‌కు ఇచ్చాను. గోడ నిలిచింది. అయినా నిన్ను నమ్మలేదు. జూన్‌లో పొయ్యి పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక బుట్టెడు దుంపలు పట్టుకుని వెళ్లాను. తొట్టి దగ్గర నిలబడి ఒలిచాను. సగం బుట్ట కాకముందే నడుము పట్టేసింది. కూర్చుందామని చుట్టూ చూశాను. ఆ పొయ్యీ తొట్టీ పోగా కుర్చీ వేయడానికి అసలు చోటే లేదు. కిటికీ కూడా నా తలకంటే ఎత్తున ఉంది. ఒళ్లో ఎండ పడే కిటికీ కాదు అది. నీ కాగితం చూసి మార్లిస్ తెచ్చిపెట్టిన డబ్బా మీద కూలబడి చాలాసేపు ఏడ్చాను. అన్నేళ్లు అమ్మ వెనకే తిరిగి నేను ఏం చూశానురా?

మర్నాడు గేలన్ దగ్గరికి వెళ్లి, వండనని చెప్పాను.

"అదేంటి ఆర్డిత్, షెరీఫ్ కూతురివి కదా!"

"వంటమనిషి కూతుర్ని కూడా. అందుకే వండను."

చివరికి ప్రారంభం రోజున బోర్డు మగాళ్లంతా బయట గడ్డిలో నిప్పులు వేసి సాసేజీలు కాల్చారు. సగం మాడ్చారు. జనం నవ్వుకుంటూనే తిన్నారు. పొయ్యి మాత్రం చల్లగా ఉంది. ముందు గోడ మీద షెరీఫుల పేర్లు చెక్కిన పలక ఉంది కదా, దాని కింద కొత్త పలక పెట్టించాను: "హల్డా స్టౌఫర్, ఈ జైలు వంటమనిషి, జీతం లేకుండా." చివరి మాట తీసేయమని గేలన్ బతిమాలాడు. మార్లిస్ ఒప్పుకోలేదు.

ముందురోజే నువ్వు పంపిన పెట్టె వచ్చింది. మార్లిస్, నేనూ కలిసి విప్పాం. ఇంత మంచి కుర్చీ చేస్తావని ఒక్కసారైనా చెప్పావా! ఒక కాలు రవ్వంత పొట్టి. వడ్రంగం మాష్టారు వచ్చి సరిచేసి పోవాలి.

మార్లిస్ తల పట్టుకుంది. "రూలు ప్రకారం లోపల పెట్టలేనండీ. కుర్చీ లేదని మీ తమ్ముడే సంతకం పెట్టాడు!"

"ఇది చూపించడానికి కాదమ్మా, ఇక్కడ నిలబడి కథ చెప్పేవాళ్లు కూర్చోవడానికి" అన్నాను. నీ కుర్చీని వంటగది గుమ్మం బయట వేశాం. మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నాను.

సాయంత్రం ఒక ముసలాయన వచ్చాడు. పేరు చెప్పలేదు. ఒక చలికాలమంతా లోపల ఉన్నానన్నాడు. ఖైదీల గది వైపు నుంచి కంతలో చెయ్యి పెట్టి, "మాకు ఇందులోంచి ఆవిడ చేతులే కనబడేవమ్మా. మొహం ఎన్నడూ చూళ్లేదు. చేతులు ఎప్పుడూ తడిగా ఉండేవి" అన్నాడు. తరువాత ఇటు తిరిగొచ్చి నీ కుర్చీ వైపు చూశాడు.

"ఆవిడ కూర్చునేది దీని మీదేనా?"

"ఇక్కడ కూర్చోలేదండీ," అన్నాను. "సీడర్ వీధికి వచ్చాక కూర్చుంది."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

నీ అక్క,
ఆర్డిత్