అద్దం మీద బొట్టు

ఏవండీ,

రేపు బాపట్లలో పెళ్లి. మీరు పోయాక మన తెనాలి స్టూడియోకి వచ్చిన మొదటి పెళ్లి ఇదే. ఫోటోలు తీసేది మన శ్రావణి. ఏ ఫోటో చెడినా ఇక మనల్ని ఎవరూ పిలవరని దాని భయం.

సంచి సర్దుతుంటే మీ బీరువాలో ఒకేలాంటి లెన్సులు రెండు కనిపించాయి. ఒకదాన్ని వెలుగుకి పెట్టి చూసి, "అమ్మా, దీని అద్దం నిండా గీతలే. అంచున కుంకుమ కూడా ఉంది. నాన్న దీన్నెందుకు దాచారు?" అంది.

పెళ్లయిన కొత్తలో ఆయుధ పూజకి ఆ అద్దం మీద బొట్టు పెట్టి, తర్వాత కంగారుగా కొంగుతో రుద్ది తుడిచింది నేనే. "ఏంటే, లెన్సుని పెళ్లికూతుర్ని చేశావా? ఏం కాలేదులే" అని నవ్వి, మీరు సంచి తగిలించుకుని రేపల్లె పెళ్లికి వెళ్లిపోయారు.

శ్రావణి మంచి లెన్సు పెట్టుకుంది. అది మీరెప్పుడు కొన్నారో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను ఒక మాట అనలేదేమండీ?