బాయిలర్ గది గడియారం

2009 అక్టోబర్ 14

రేణక్కా,

నిన్న ఫోన్‌లో చిలక్కి చెప్పినట్టు చెప్పావు, "వీసా మీద ఉన్నదానివి, నీకెందుకే? సైన్ చేసి వచ్చేయ్," అని. ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి మోరిస్‌విల్‌కి ఈ ఉత్తరం.

మ్యూజియంలో నా పని తెలుసుగా, 1911లో కట్టిన ఒక డిస్ట్రాయర్ యుద్ధనౌక చరిత్ర రాయడం. 1918లో నడిసముద్రంలో దాని బాయిలర్ పేలి ముగ్గురు చచ్చిపోయారు. బాయిలర్ చూడాల్సిన వాల్టర్ గ్రీవ్స్ డ్యూటీ ముగియకముందే పైకి వెళ్లిపోయాడని తేల్చి, అతన్ని నేవీలోంచి గెంటేశారు. పాత బ్రోషర్‌లో అలాగే ఉంది. నేనూ మక్కికి మక్కీ దించేశాను. ప్రదర్శనలో పెట్టే బోర్డు ప్రింటయిపోయింది, అంతా సరేనని నేను సైన్ చేయడమే మిగిలింది.

తర్వాత గానీ ఓడలో గంట గంటకీ రాసే లాగ్ పుస్తకాలు, డెక్‌దీ బాయిలర్ గదిదీ, తెరవలేదు, నా బద్ధకం. పడమటికి వెళ్లే ఓడలో గడియారాలు వెనక్కి తిప్పుతూ ఉంటారు. ఆ ఉదయం డెక్ మీద అరగంట తిప్పారు. కింద బాయిలర్ గదిలో ఎవరూ తిప్పలేదు. గ్రీవ్స్ పన్నెండింటికి డ్యూటీ అప్పజెప్పాడనీ, పన్నెండుంబావుకి పేలిందనీ కింది పుస్తకంలో ఉంది. పై పుస్తకంలో అదే పేలుడు పదకొండూ ముప్పావుకి. విచారణ చేసిన దొరలు పైదొక్కటే చూసి, పన్నెండు దాకా ఉండాల్సినవాడు ముందే పోయాడన్నారు. డ్యూటీ తీసుకున్నవాడు చచ్చిపోయాడు, ఇక సాక్ష్యం ఎవరు చెప్తారు?

డైరెక్టర్‌కి చూపిస్తే, "శనివారమే ఓపెనింగ్, వదిలేయ్," అన్నాడు. నా ఇంటర్న్‌షిప్ లెటర్ ఆయన చేతిలో ఉంది. ఆ రోజు గ్రీవ్స్ కూతురు ఎడ్నా వస్తోంది, ఎనభై ఏడేళ్లావిడ. మింగలేక కక్కలేక, నువ్వు చెప్పకముందే సైన్ చేసేశాను. నిన్న నీకు ఆ మాట చెప్పలేదు. నీ మీద కోపం సరే, నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

దేదీప్య

2009 అక్టోబర్ 18

అక్కా,

తిడతావని తెలిసే రాస్తున్నాను. ఎడ్నా వీల్‌చెయిర్‌లో వచ్చి, తండ్రి పేరున్న లైన్ దగ్గర ఆగి, తలవంచుకుంది. ఇక నా వల్ల కాలేదు. అందరి ముందూ, "అది రాసింది నేనే. అబద్ధం," అని రెండు పుస్తకాల కాపీలూ ఆవిడ ఒళ్లో పెట్టి, గడియారాల సంగతి చెప్పాను. డైరెక్టర్ సోమవారం నుంచి రావద్దన్నాడు. బోర్డు దించేదాకా కదలనన్నాను. దించారు. వీసా సంగతి యూనివర్సిటీలో కనుక్కుంటాను, నువ్వు క్లాసు పీకకు.

సిగ్గులేకుండా, ఆవిడ థాంక్స్ చెప్తుందనుకున్నాను. ఆవిడ ఆ పేజీల మీద వేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది, "నాన్న పోయినప్పుడు నాకు కబురొచ్చింది. నేను వెళ్లలేదు."

నీ దేదీప్య